కారులో ఎర్రదీపం వెలిగితే

కారు సంగతులు మనకెందుకులే అనుకుంటాం గాని, దారిలో అది ఆగిపోతే పిల్లల్ని వెంటబెట్టుకుని చెట్టుకింద నిలబడేది మనమే.

మా ఇంట్లో మామగారి నాటి అంబాసిడర్ ఇంకా ఉంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, మావారికి దానిమీద మమకారం మాత్రం ఆగలేదు. కిందటేడు దాని ఆయిల్ దీపం ఉండుండి ఊరికే వెలగడం మొదలుపెట్టింది. చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. "దీపానికే జబ్బు, వదిలెయ్" అన్నారు మావారు. వదిలేశాం.

రెండు నెలల తరవాత విజయవాడ వెళుతుంటే నార్కట్‌పల్లి దాటాక మళ్లీ వెలిగింది. "దాని సంగతి తెలిసిందేగా!" అన్నారు. నాకు మనసొప్పక పట్టుబట్టి ఆపించాను. కడ్డీ తీసి చూస్తే కొసన కూడా తడి లేదు! ముందురోజు ఆయిల్ మార్చినతను అడుగున ఉండే బోల్టు సరిగా బిగించలేదు. ఇంకాస్త దూరం పోతే ఇంజను పట్టేసేదే.

అసలు ఈ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదండీ. ఇంజనులో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. ఆయిల్ బాగా తగ్గి, పంపు గాలి పీల్చుకునే దాకా ఇది వెలగకపోవచ్చు. అందుకే నడుస్తుండగా వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపెయ్యాలి.

ఆయిల్ మట్టం తెలిసేది కడ్డీ వల్లనే. పొద్దున్నే, కారు సమంగా ఉన్నచోట, ఇంజను వెయ్యకముందు చూడాలి. కడ్డీ తీసి పాతగుడ్డతో తుడిచి (కొంగుతో వద్దు, ఆ మరక పోదు!) పూర్తిగా లోపలికి గుచ్చి మళ్లీ తియ్యండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు. పొయ్యకుండానే మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే, పెట్రోలు లోపలికి దిగుతోందన్నమాట. పాలకాఫీ రంగు కనిపిస్తే నీళ్లు కలిసి ఉండొచ్చు. రెండింటికీ మెకానిక్కు దగ్గరికే.

ఆయిల్ సరిపడా ఉండి కూడా ఇంజను నడుస్తుండగా దీపం వెలిగిందనుకోండి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, ఇంజనుకు బిగించిన ఆయిల్ స్విచ్చు నుంచి వైరు ఊడదీయించండి. అప్పటికీ దీపం ఆరకపోతే వైరు ఒరుసుకుపోయి ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరిపోతే వైరు మంచిదే. అంతమాత్రాన స్విచ్చుదే తప్పనుకోకండి, నిజంగానే ఒత్తిడి లేకపోవచ్చు. స్విచ్చు తీసి ఆ చోట ఒత్తిడి కొలిచే మీటరు పెట్టి చూస్తేనే తేలుతుంది. ఆ పని మెకానిక్కుదే. మాకు చివరికి తేలింది స్విచ్చే. అది మార్చడానికి అరగంట పట్టలేదు, దానికోసం రెండు నెలలు ఊరుకున్నాం!

వెలగని దీపం ఇంతకన్నా ప్రమాదం. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. మొదటే వెలగకపోతే, ఊడదీసిన వైరు కొసను ఇంజను ఇనుముకు తాకించి చూడమనండి. అప్పుడు వెలిగితే స్విచ్చు పోయింది, వెలగకపోతే బల్బో వైరో పోయింది. ఇప్పుడు తాళం తిప్పేది మావారైనా, దీపం వెలిగిందా లేదా అని చూసేది నేనే.