పొలం పాటకి సరిగమలు రాసిన అనసూయ

వింజమూరి అనసూయాదేవి 1920 మే 12న కాకినాడలో పుట్టారు. తల్లి వెంకటరత్నమ్మ నడిపిన స్త్రీల పత్రిక పేరు కూడా ‘అనసూయ’! మేనమామ ఎవరనుకున్నారు? దేవులపల్లి కృష్ణశాస్త్రి. అలాంటి ఇంట్లో పిల్లకి పాట ఉగ్గుపాలతోనే వచ్చిందంటే ఆశ్చర్యమేముంది? ఎనిమిదేళ్లకే గ్రామఫోను రికార్డు ఇచ్చింది. మేనమామ రాసిన ‘జయ జయ జయ ప్రియ భారత’ గీతానికి వరస కట్టింది కూడా ఆవిడే.

శాస్త్రీయ సంగీతం వచ్చు, హార్మోనియం మీద వేళ్లు పరుగెడతాయి. కచేరీలు చేసుకుంటూ హాయిగా ఉండొచ్చు. కానీ అనసూయ మనసు దంపుళ్ల పాటల మీదికి, నాట్ల పాటల మీదికి పోయింది. చెల్లెలు సీతతో కలిసి వాటిని వేదిక ఎక్కించారు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తిరగలి ముందు కూర్చుని పాడేది కూడా సంగీతమేనా అని పెదవి విరిచేవాళ్లే ఎక్కువ.

మన కామారెడ్డి జిల్లా మాచారెడ్డి వైపు బతుకమ్మ ఆట చూడండి. ఒకావిడ ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అందుకుంటారు. అవ్వ నుంచి అమ్మకి, అమ్మ నుంచి బిడ్డకి నోటితోనే నడిచే పాట. బిడ్డ పట్నం పోయి నేర్చుకోలేదనుకోండి, అవ్వతోనే పోతుంది. మాటలు ఎవరో రాసి పెట్టుకున్నా వరస మిగలదు. అందుకే అనసూయ పాటలు పాడి ఊరుకోలేదు, స్వరాలు రాసి పుస్తకాలు వేశారు.

హార్మోనియం సంగతీ ఒకటుంది. దాని మెట్లు మార్పులేనివి. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారే గమకం పలకదు. ఆ వంకతోనే 1940లో ఆకాశవాణి దాన్ని గెంటేసింది. 1971 దాకా తలుపులు తెరవలేదు. పెద్దలు కాదన్న పాటకి పెద్దలు కాదన్న పెట్టె తోడయిందన్నమాట! నిజానికి నాలుగైదు స్వరాల్లో తిరిగే పల్లె వరసని ఆ మెట్ల మీద పట్టుకోవడం తేలికే. దీర్ఘం తీసి సాగదీసే ఆ జీర మాత్రం మెట్లకీ అందదు, కాగితానికీ అందదు. దానికి మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే.

సీతాదేవి తర్వాత హైదరాబాద్ ఆకాశవాణిలో జానపద సంగీతం చూశారు. తెలంగాణ రైతుల పోరాటం మీద తీసిన ‘మా భూమి’ సినిమాకి సంగీతం కూర్చినవారిలో ఆవిడా ఉన్నారు.

అనసూయాదేవికి 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. చివరి రోజులు అమెరికాలోని హ్యూస్టన్‌లో గడిపారు. 2019 మార్చి 23న, తొంభై తొమ్మిదో ఏట అక్కడే కన్నుమూశారు. సరిగమలు చదవడం వచ్చిన పిల్ల ఎవరైనా సరే, ఆవిడ పుస్తకం ముందు పెట్టుకుని ఇవాళైనా ఆ వరసలు పట్టుకోవచ్చు.