మీకు తెలుసా? ఒక్క పేక పడేలోగా లక్ష కొలతలు

నిమిషానికి 120 పేకలు (అడ్డపోగులు) వేసే సాంచె (మరమగ్గం) మీద ఒక్క పేక పడేది అర సెకనులో. ఆ అర సెకనులో అరచేతిలో పట్టే బీగల్‌బోన్ బ్లాక్ అనే లినక్స్ బోర్డు సెన్సర్ వోల్టేజిని లక్షసార్లు కొలవగలదు.

• తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు సాంచాలు నడిపే భివండిలో, పడుగు బిగువు చెప్పే సెన్సర్‌కు ఈ వేగం కావలసినదానికన్నా చాలా ఎక్కువే. 2013లో వచ్చిన ఈ బోర్డు చిప్‌లో వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీసీ సామర్థ్యం సెకనుకు 2 లక్షల నమూనాలు. ఇలాంటిదే అయిన ‘రాస్ప్‌బెర్రీ పై’ బోర్డు 40 పిన్నుల్లో మాత్రం అనలాగ్ ఇన్‌పుట్ ఒక్కటీ లేదు.

• లినక్స్‌లో మామూలు పద్ధతిలో చదివితే ఈ వేగం అందదు. ఒక్కో అంకె కోసం ఒక్కోసారి ఫైలు చదవాలి. మధ్యలో వేరే పని తగిలితే ఆలస్యం. అందుకే అదే చిప్‌లో పీఆర్‌యూ అనే చిన్న ప్రాసెసర్లు రెండున్నాయి. 200 మెగాహెర్ట్జ్‌తో నడిచే వీటికి ఒక క్లాక్ అడుగు 5 నానోసెకన్లే. లినక్స్ వేరే పనిలో ఉన్నా ఇవి ఆగవు.

• ఈ ఏడీసీ 0 నుంచి 1.8 వోల్టులను 4,096 మెట్లుగా విడగొడుతుంది. 5 వోల్టుల సెన్సర్‌ను నేరుగా తగిలిస్తే చిప్ పాడవుతుంది. రెండు రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాకే కలపాలి.