రౌటర్ పింగ్‌కు జవాబివ్వకపోతే ఇల్లు భద్రమేనా?

మొన్నొక ఆదివారం జుహర్ నమాజు చదివి ఇంటికొచ్చేసరికి మా ఖాలా నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. దమ్మామ్‌లో పనిచేసే వాళ్ల పెద్దబ్బాయి చెప్పాడని చిన్నమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఏదో ఇంటర్నెట్ పరీక్ష పెట్టిందట. తెర మీద ఎర్ర అక్షరాల్లో ‘ఫెయిల్డ్’ అని వచ్చింది. ఇంట్లో నాలుగు కెమెరాలున్నాయి, అందులో ఒకటి హాల్లోనే ఉంది. ఆడపిల్లలు తిరిగే ఇల్లు. “బేటా, మన ఇల్లు బయటోళ్లకి కనిపిస్తోందట, ఒక్కసారి వచ్చి చూసిపో” అన్నారు ఖాలా. గొంతులోనే భయం తెలుస్తోంది.

వెళ్లి చూస్తే ఆ ఎర్ర అక్షరాలకు కారణం ఒక్కటే. వాళ్ల రౌటర్ ‘పింగ్’కు జవాబిస్తోంది. దాన్ని ఆపడం రెండు నిమిషాల పని. కానీ ఆ ఇంట్లో అసలు తెరిచి ఉన్న తలుపు వేరే ఉంది, దాని గురించి ఆ పరీక్ష ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఒకరు గల్ఫ్‌లో, మిగతావాళ్లు ఇక్కడ ఉండే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఇంటిని అక్కణ్నుంచి చూసుకోవడానికి కెమెరాలు పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని “ఉన్నావా?” అని అడగడమే పింగ్. ఉంటే “ఉన్నాను” అని జవాబొస్తుంది, అంతే. ఆ ప్రశ్న, జవాబు ఎలా ఉండాలో 1981లో రాసిన ఐసీఎంపీ నియమాల్లో ఉంది. వాటిని వాడుకుని 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన ఈ చిన్న ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గాములు నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకుంటాయి కదా, ఆ శబ్దం పేరే దీనికి పెట్టాడు. లైను నడుస్తోందా, ఎంత ఆలస్యమవుతోంది అని చూడటానికి నెట్ కంపెనీల వాళ్లు ఇప్పటికీ దీన్నే వాడతారు.

మన ఇళ్లల్లో చెప్పుకునేలా చెప్పాలంటే, గుమ్మం బయట నిలబడి సలాం చెప్పడం లాంటిది ఇది. మూడుసార్లు సలాం చెప్పి, జవాబు రాకపోతే తిరిగి వెళ్లిపోవాలని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. రౌటర్‌లో పింగ్ ఆపేయమని చెప్పేవాళ్ల లెక్క కూడా అదే. జవాబు రాకపోతే వచ్చినవాడు ఇంట్లో ఎవరూ లేరనుకుని పోతాడని. అదబ్ ఉన్నవాడైతే పోతాడు. దొంగ పోతాడా?

ఈ సలహా ఊరికే పుట్టింది కాదు. 1990ల రెండో సగంలో ‘పింగ్ ఆఫ్ డెత్’ అని ఒకటుండేది. ఉండాల్సిన దానికన్నా పెద్ద సైజు పింగ్ పంపితే అప్పటి కంప్యూటర్లు చాలావరకు ఆగిపోయేవి. ‘స్మర్ఫ్’ అని ఇంకోటి. మీ చిరునామా పెట్టి వేరే నెట్‌వర్క్ మొత్తానికి ఒక పింగ్ పంపితే, అక్కడున్న యంత్రాలన్నీ కలిసి మీ మీదికి జవాబులు గుమ్మరించేవి. ఈ రెండింటికీ మందు ఎప్పుడో వేశారు. అప్పటి హ్యాకర్లు ముందు పింగ్ కొట్టి, పలికిన చిరునామాలనే తర్వాత తడిమి చూసేవాళ్లు కూడా. లైన్లు నెమ్మదిగా ఉండే రోజుల్లో అలా వడపోసుకోవడం వాళ్లకు లాభం.

ఇప్పుడు ఆ అవసరం లేదు. 2013లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ‘జీమ్యాప్’ అనే ప్రోగ్రాం తయారుచేశారు. పాత తరహా ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 429 కోట్ల చిల్లర. ఒకే కంప్యూటర్‌తో, మంచి లైనుంటే, వాటిలో బయటికి కనిపించేవాటన్నిటి మీదా ఒక్కో తలుపు తట్టి రావడానికి దానికి 45 నిమిషాలు చాలు. ఇంత వేగం ఉన్నప్పుడు “ఉన్నావా” అని ముందు అడగడం ఎందుకు? నేరుగా గడియ లాగి చూస్తారు. వాళ్లు వాడే ‘ఎన్‌మ్యాప్’ అనే పరికరంలో కూడా పింగ్‌కు జవాబు రాకపోయినా వెతుకుతూ పొమ్మనే ఆప్షన్ ఉంది.

2016లో వచ్చిన ‘మిరాయ్’ సంగతి చూడండి. అది దొరకబుచ్చుకున్నవి పెద్ద ఆఫీసుల కంప్యూటర్లు కాదు, ఇళ్లలో, దుకాణాల్లో ఉండే సీసీ కెమెరాలు, వాటి రికార్డింగ్ పెట్టెలు, రౌటర్లు. పింగ్ కొట్టలేదు. టెల్‌నెట్ అనే పాత తలుపు దగ్గరికి నేరుగా వెళ్లి, కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఉండే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌ల జతలు ఓ అరవై పైచిలుకు పెట్టి చూసింది. చాలాచోట్ల తెరుచుకుంది. అలా పోగుచేసుకున్న పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగి, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. మిరాయ్ రాసింది ఎవరంటే ముగ్గురు కుర్రాళ్లు. 2017 డిసెంబరులో అక్కడి కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కెమెరాల ఓనర్లకు మాత్రం ఏమీ తెలియలేదు, వాళ్ల కెమెరాలు మామూలుగానే పనిచేస్తూ ఉన్నాయి.

ఇంకో సంగతి. మీ రౌటర్ మౌనంగా ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు. నిజంగా ఆ చిరునామాలో ఎవరూ లేకపోతే, ముందున్న కంపెనీ రౌటర్ చాలాసార్లు “అక్కడెవరూ లేరు” అని తిరుగు కబురు పంపుతుంది. ఆ కబురూ రాక, జవాబూ రాకపోతే తెలిసినవాడికి అర్థమైపోతుంది, లోపల ఎవరో ఉండి పలకడం లేదని. ఎవరైనా పనిగట్టుకుని మీ మీదికి వేల పింగ్‌లు వదిలితే కూడా ఈ సెట్టింగ్ పెద్దగా కాపాడదు. రౌటర్ పలకకపోయినా అవన్నీ మీ లైను మీదుగా వచ్చేసినట్టే కదా.

అలాగని వద్దనడం లేదు. నష్టం తక్కువ, బద్ధకంగా తడిమేవాళ్ల జాబితాలోంచి ఒకటి తగ్గుతుంది. చేసుకోండి. ఎలాగంటే, ఇంటి వైఫైలో ఉండి బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టాలి. సాధారణంగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది, జియోఫైబర్ అయితే 192.168.29.1. టీపీ-లింక్ కొత్త మోడళ్లలో అడ్వాన్స్‌డ్, సెక్యూరిటీ, ఫైర్‌వాల్ లోపల ‘రెస్పాండ్ టు పింగ్స్ ఫ్రమ్ వాన్’ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. అదే కంపెనీ పాత మోడళ్లలో మాట తిరగబడి ఉంటుంది: ‘ఇగ్నోర్ పింగ్ ప్యాకెట్ ఫ్రమ్ వాన్ పోర్ట్’. అక్కడ టిక్ పెట్టాలి. నెట్‌గేర్‌లో వాన్ సెటప్ కింద, ఏసస్‌లో ఫైర్‌వాల్ కింద, డీ-లింక్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కింద ఇలాంటిదే ఒకటి కనిపిస్తుంది. వాన్ అంటే బయటి లైను వైపు, ల్యాన్ అంటే మీ ఇంటి వైపు. ల్యాన్ వైపు పింగ్ ఆపొద్దు, రేపు వైఫై మొరాయిస్తే తప్పెక్కడుందో చూసుకోవడానికి మీకే అక్కరకొస్తుంది. నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో కొన్నిటికి ఈ మెనూలు తాళం వేసి ఉంటాయి, అప్పుడు వాళ్లకే ఫోన్ చేయాలి.

ల్యాప్‌టాప్‌ల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే హోటల్, ఎయిర్‌పోర్ట్ వైఫైలలో పింగ్‌ను మామూలుగానే ఆపుతుంది. మ్యాక్‌లో ఫైర్‌వాల్ ఆప్షన్లలో ‘స్టెల్త్ మోడ్’ ఆన్ చేస్తే సరి.

ఒక జాగ్రత్త. కొన్ని రౌటర్లలో, ఫైర్‌వాల్ యాప్‌లలో ‘బ్లాక్ ఆల్ ఐసీఎంపీ’ అని కూడా ఉంటుంది. దాని జోలికి పోకండి. ఐసీఎంపీ అంటే పింగ్ ఒక్కటే కాదు. “ఈ మూట ఈ దారికి పెద్దదైంది, చిన్నది చేసి పంపు” అని చెప్పే కబురూ అందులోదే. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ లైన్లలో మూట సైజు మామూలు 1500 బైట్లు కాదు, 1492. ఆ కబురు ఆగిపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో తిరుగుతూ ఉండిపోతాయి, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. కొత్త తరహా చిరునామాలైన ఐపీవీ6లో అయితే ఐసీఎంపీ మొత్తం ఆపితే నెట్టే సరిగా నడవదు. అక్కడ చూసుకోవాల్సింది రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందా లేదా అన్నది.

మార్చాక నిజంగా ఆగిందో లేదో ఇంట్లో కూర్చుని చూస్తే తెలియదు. ఒక ఫోన్‌లో వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద పింగ్ యాప్ పెట్టి మీ ఇంటి బయటి చిరునామాకు కొట్టి చూడాలి. ఇక్కడే తమాషా ఉంది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ అని రాసి ఉండేది 10తో గానీ, 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో గానీ మొదలైతే, మీరు కంపెనీ వాళ్ల పెద్ద పెట్టె వెనక ఉన్నట్టు. ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్లకు పంచుతారు. అప్పుడు బయటివాడి పింగ్ మీ రౌటర్ దాకా రానే రాదు, పలికినా పలక్కపోయినా అది కంపెనీ యంత్రమే. పరీక్షలో ఎర్ర అక్షరాలు చూసి మీరు కంగారుపడితే పరాయివాళ్ల మార్కుల కోసం ఏడ్చినట్టే.

ఖాలా ఇంట్లో అలా కాదు. కెమెరాలు బిగించినతను దమ్మామ్ నుంచి కనిపించాలంటే స్టాటిక్ ఐపీ ఉండాలని, నెలకింత అదనంగా కట్టించి వాళ్లకంటూ ఒక సొంత బయటి చిరునామా తీయించాడు. తర్వాత రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి 8000 నంబరు పోర్టును నేరుగా రికార్డింగ్ పెట్టెకు కలిపాడు. ఆ పెట్టె పాస్‌వర్డ్ 12345. రౌటర్ పాస్‌వర్డ్ అడ్మిన్. బయటి నుంచే రౌటర్ సెట్టింగులు మార్చుకునే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆన్‌లోనే వదిలేశాడు, 8080 మీద. పోర్టులు మొత్తం 65 వేల పైన ఉంటాయి. చిన్నమ్మాయి పెట్టిన ‘షీల్డ్స్ అప్’ పరీక్ష మామూలుగా చూసేది మొదటి 1056 మాత్రమే. అందుకే పింగ్ మీద ఎర్రజెండా ఊపింది, హాల్లో కెమెరా గురించి ఏమీ అనలేదు. పింగ్ ఒక్కటి ఆపేసి మళ్లీ పరీక్ష పెట్టి ఉంటే పచ్చగా ‘పాస్’ అని వచ్చేది, అందరూ హాయిగా పడుకునేవాళ్లు.

ఆ మధ్యాహ్నం చేసిన పనుల వరుస ఇది. ముందు రికార్డింగ్ పెట్టె పాస్‌వర్డ్, రౌటర్ పాస్‌వర్డ్ మార్చాం. రిమోట్ మేనేజ్‌మెంట్ తీసేశాం. పోర్ట్ ఫార్వార్డింగ్ లైను తుడిచేశాం. యూపీఎన్‌పీ అని ఇంకోటుంటుంది, ఇంట్లో ఏ పరికరమైనా మనల్ని అడక్కుండానే రౌటర్‌లో తలుపులు తెరిపించుకునే సౌకర్యం, అదీ ఆఫ్ చేశాం. రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఉంటే అది వేశాం. హాల్లో కెమెరాను వరండాకు మార్చమన్నాను, ఖాలాకు ఇది ముందు నుంచీ ఇష్టం లేదట. చిట్టచివర పింగ్ ఆపాం.

సాయంత్రం దమ్మామ్ నుంచి ఫోన్. కెమెరా తెరుచుకోవడం లేదు, పింగ్ కూడా పలకడం లేదు, ఇంట్లో కరెంటు పోయిందా అని. అతను రోజూ పింగ్ కొట్టి ఇంటి నెట్ ఉందో లేదో చూసుకుంటాడట, ఆ సౌకర్యం పోయింది. కెమెరా కంపెనీ సొంత యాప్ ద్వారా చూడొచ్చు, దానికి పోర్ట్ తెరవక్కర్లేదు, కానీ ఆ కంపెనీ సర్వర్లను నమ్మాలి. రౌటర్‌లోనే వీపీఎన్ ఉన్న మోడలైతే అంతకన్నా మంచిది, వీళ్లది కాదు. ప్రస్తుతానికి యాప్‌తోనే సరిపెట్టుకున్నాడు. కొత్త పాస్‌వర్డ్‌ను వాట్సాప్‌లో టైప్ చేయకుండా చిన్నమ్మాయి ఫోన్‌లో ఒక్కో అక్షరం చదివి చెప్పింది. స్టాటిక్ ఐపీకి కడుతున్న అదనపు డబ్బు వచ్చే నెల నుంచి ఆపేయమని ఖాలా నెట్ కంపెనీకి చెప్పేశారు.