నాగలి, ఎరువు, కలుపు

పులికాట్ సరస్సుకు పడమరగా, తిరుపతి జిల్లాలోని తడ, సూళ్లూరుపేట ప్రాంతములలో వరి ముఖ్యమైన పైరు. ఇచ్చట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన మెండుగా వాన కురియును. చెరువులు నిండగనే రైతులు నాట్లకు పూనుకొందురు. నాటిన రెండు మూడు వారములకే కలుపు తలయెత్తును. “ఈ యేడు కలుపు మితిమీరినది” అని రైతు విచారించును. కాని కలుపు ఊరక రాదు. ఏ కలుపు రావలెనో, ఎంత రావలెనో చాలవరకు మన దుక్కియు, మన ఎరువును నిర్ణయించుచున్నవి.

ముందుగా దుక్కి సంగతి చూతము. ఒక్క ఊద మొక్క వేలకొలది గింజలను రాల్చును. అవి చిన్నవి గనుక, నేల పైపొరలో ఉన్నవే సులభముగా మొలచును. లోతుగా దున్నినచో ఆ గింజలు అడుగునకు పోవును. కాని మునుపు పూడిపోయి, ఇంకను బ్రతికియున్న గింజలు పైకి వచ్చును. తుంగ తీరు వేరు. దానికి నేలలో గొలుసువలె గడ్డలుండును. తడినేలను ఒక్కసారి దున్ని విడిచినచో గొలుసు తెగి, విడిపోయిన గడ్డలు వేర్వేరు మొక్కలగును. వేసవిలో పలుమార్లు దున్ని ఎండబెట్టినచో ఆ గడ్డలే వడలి చచ్చును. దుక్కి ఒక్కటే, అదను మారిన ఫలితము తారుమారగును.

దమ్ము చేయుటలోని మేలు కూడ ఇట్టిదే. దమ్ము మొలచిన కలుపును బురదలో కలుపును; నీరు త్వరగా ఇంకిపోకుండ చేయును. మడిలో రెండు అంగుళముల నీరు నిలిచినచో గాలి చాలక ఊద మొలకలు చాలవరకు పైకి రాలేవు. నాటిన నారు అప్పటికే ఎదిగినది గనుక దానికి బాధ లేదు. మడి ఎగుడుదిగుడుగా ఉన్నచో నీటిపైకి తేలిన మిట్టలయందే ఊద పుట్టును. కావున మడిని చదును చేయుట కలుపు తీయుటలో సగపాలు. నీరు చాలక పొడిదుక్కిలో విత్తనము చల్లు చోట్ల ఈ రక్షణ లేదు. వరియు కలుపును ఒక్కసారే మొలచును. అచ్చట తొలివానకు కలుపును మొలవనిచ్చి, దానిని దున్ని చంపి, పిమ్మట విత్తుట మంచిది.

ఇక ఎరువు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. ఇది వరి, ఇది ఊద అను భేదము నత్రజనికి లేదు. ముందుగా అందుకొన్న వేరుదే ఆ భాగ్యము. ఎండను వాడుకొనుటలో ఊద వరికంటె నేర్పరి. కలుపు తీయకముందే యూరియా చల్లినచో, డబ్బు పోసి కొన్న ఎరువుతో ఊదనే మేపినట్లగును. పచ్చిపేడ తోలినను చిక్కే. పశువు కడుపులో చావని కలుపు గింజలు అందులో ఉండును. దిబ్బలో బాగుగా వేడెక్కి మాగినచో వానిలో పెక్కు నశించును.

ఎరువునుబట్టి కలుపు జాతియే మారుననుటకు గోధుమ పొలము సాక్ష్యమిచ్చుచున్నది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అను పొలమున 1843లో మొదలైన ప్రయోగము నేటికిని సాగుచున్నది. అచ్చట కలుపుమందు చల్లని భాగమున, నత్రజని వేయని మళ్లలో చిక్కుడు కుటుంబపు కలుపు కనిపించును. తన నత్రజనిని తానే సమకూర్చుకొనగలదు గదా! నత్రజని మెండుగా పడిన మళ్లలో దానిని కోరు వేరొక కలుపు విజృంభించును.

కలుపుమందు ఉండగా ఈ శ్రమ ఏల అని అడుగవచ్చును. హర్యానా గోధుమ పొలములలో ఒకే మందును ఏటేటా చల్లగా, 1990ల తొలినాళ్లకే ఫలారిస్ అను గడ్డి దానికి లొంగుట మానినది. అప్పుడు వరి కోసిన నేలను దున్నకయే గోధుమ విత్తగా ఆ గడ్డి తక్కువగా మొలచినది.

కావున వేసవి దుక్కి, చదునైన మడి, నిలిచిన నీరు, మాగిన ఎరువు, కలుపు తీసిన పిమ్మటనే యూరియా — ఈ వరుస తప్పకున్నచో పెట్టిన పెట్టుబడి పైరుకే దక్కును.