ఇస్తాంబుల్ బజారులో మేము నేర్చుకున్న బేరం

దైవప్రవక్త ముహమ్మద్ (స) గురించి మక్కా అవిశ్వాసులు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి, ఆయన అందరిలాగే అన్నం తింటారని, బజారుల్లో తిరుగుతారని. అంతకు ముందు వచ్చిన ప్రవక్తలు కూడా అన్నం తిన్నవారేనని, బజారుల్లో నడిచినవారేనని దివ్యఖుర్ఆన్‌లోని ఫుర్ఖాన్ సూరా దానికి జవాబిచ్చింది. మనిషి భక్తి మసీదులో కనబడితే, అతని నిజాయితీ బజారులో తేలుతుందని ఈ ఆయతుల ఆధారంగా ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వస్తున్నాము. ఆ పాఠాన్ని మేమే అప్పజెప్పవలసిన రోజు వస్తుందని, అదీ పరాయి దేశంలో, రోజాతో ఉండగా వస్తుందని మాత్రం అనుకోలేదు.

2024 రంజాన్ నెలలో ఉమ్రా ముగించుకుని తిరిగి వస్తూ, మేము, మా ఇంటావిడ ఇస్తాంబుల్‌లో మూడు రోజులు ఆగాము. మా తమ్ముని కుమారుడు అక్కడ చదువుకుంటున్నాడు. "బడే అబ్బా, ఆదివారం పెద్ద బజారు మూసేస్తారు, శనివారమే చూసేద్దాం" అన్నాడు. సరేనన్నాము. మా జేబులో ఒక అమానతు కూడా ఉంది. మా వీధిలో కుట్టు మిషను మీద సంసారం నడుపుకొచ్చే ఒక ఆపా, బయలుదేరే ముందు వెయ్యి రూపాయలు మా చేతిలో పెట్టారు. "మౌల్వీ సాబ్, అమ్మాయి కడుపుతో ఉంది. అసలైన కుంకుమపువ్వు దొరికితే కాస్త తెచ్చిపెట్టండి" అన్నారు.

సుల్తాను మసీదు, బజారు చట్టం

ఉదయం బాయజీద్ మైదానంలో ట్రాము దిగాము. ఎదురుగా సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన మసీదు. 1506లో పూర్తయింది. ఈ సుల్తాను కాలంలోనే, 1502లో, బజారు తనిఖీ చట్టాలు వ్రాయించారు. రొట్టె తూకం, మాంసం ధర, బట్ట నాణ్యత వంటి వాటికి అందులో నిబంధనలు ఉన్నాయి. వాటిని చూసుకునే అధికారిని ముహ్తసిబ్ అనేవారు. కొలతల్లో మోసం చేసేవారిని హెచ్చరించిన ముతఫ్ఫిఫీన్ సూరాను చదివిన వారికి ఈ ఏర్పాటు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

మసీదును ఆనుకునే పాత పుస్తకాల బజారు ఉంది. చెట్ల నీడలో చిన్న చిన్న దుకాణాలు. మధ్యలో ఇబ్రాహీం ముతఫర్రికా ప్రతిమ. టర్కీ భాషలో అచ్చు యంత్రం పెట్టి 1729లో మొదటి పుస్తకం వెలువరించినవాడు ఈయనే. అక్కడ మాకొక వింత అనుభవం కలిగింది. పాత పుస్తకాలన్నీ మన ఉర్దూ లాంటి లిపిలోనే ఉన్నాయి. అక్షరాలు మేము చదివాము, అర్థం పూర్తిగా తెలియలేదు. దుకాణంలోని కుర్రవానికి ఆ భాష తెలుసు, అక్షరాలు రావు. 1928లో లిపి మార్చి లాటిన్ అక్షరాలు తెచ్చినందువల్ల తాతల పుస్తకం మనుమలకు పరాయిదైపోయింది. ఉర్దూ నేర్పడం మానేసిన మన ఇళ్ళు గుర్తుకు వచ్చాయి.

కప్పు కింద నగరం

అక్కడి నుండి నాలుగు అడుగులు వేస్తే పెద్ద బజారు. అక్కడివారు కపలీ చార్షీ అంటారు, అంటే కప్పు ఉన్న బజారు. బాయజీద్ ద్వారం మీద సుల్తాన్ అబ్దుల్ హమీద్ ముద్ర, దానితో పాటు ఒక అరబీ వాక్యం. కష్టపడి సంపాదించేవాడు అల్లాహ్‌కు ప్రియుడని దాని భావం. లోపల అరవైకి పైగా వీధులు, సుమారు నాలుగు వేల దుకాణాలు. నగల వీధి, తివాచీల వీధి, తోలు వస్తువుల వీధి, ఇలా దేనికది వేరు. పైన కమాను కప్పులు, వాటికి రంగులు. ఎండా వానా తెలియదు. చార్మినార్ దగ్గరి లాడ్ బజారుకు కప్పు వేసి పదింతలు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నగరాన్ని జయించిన సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ 1455 ప్రాంతంలో దీనికి పునాది వేశారు. మొదట కట్టింది మందపాటి గోడలు, ఇనుప తలుపులు గల ఒక్క భవనమే. దాని అద్దెలను ఆయా సోఫియా మసీదు వక్ఫ్‌కు వ్రాసి ఇచ్చారు. నగరంలోని వర్తకులు తమ నగలు, విలువైన వస్తువులు అక్కడ అమానతుగా దాచుకునేవారు. రాత్రిపూట కావలి ఉండేది. బ్యాంకులు లేని రోజుల్లో బజారే బ్యాంకు అన్నమాట.

ఒక చిన్న దుకాణంలో మా ఇంటావిడ తలకు కట్టుకునే రుమాలు కొన్నారు. ఆ రోజుకు మొదటి బేరం మాదే. దుకాణదారు నోటును గడ్డానికి తాకించుకుని ఏదో అన్నాడు. అబ్బాయి నవ్వి, "సిఫ్తాహ్ అంటారు బడే అబ్బా. మన బోణీయే. బోణీ నీ నుండి, బర్కత్ అల్లాహ్ నుండి అని దాని అర్థం" అన్నాడు. తన బోణీ అయిన వర్తకుడు రెండవ గిరాకీని, ఇంకా బోణీ కాని పొరుగు దుకాణానికి పంపేవాడని అక్కడ పెద్దలు చెప్పుకుంటారట. ఈ సంస్కారం వెనుక అఖీలనే వృత్తిసంఘాల శిక్షణ ఉంది. 14వ శతాబ్దంలో ఆ ప్రాంతాల్లో తిరిగిన ఇబ్నె బతూతా వారి ఆతిథ్యాన్ని ఎంతో మెచ్చుకుంటూ వ్రాశారు.

మసీదుకు మడిగెలు

జొహర్ నమాజు చేసుకుని మహ్మూద్ పాషా వీధి గుండా కిందికి దిగాము. పెద్ద బజారు యాత్రికులది, ఈ వీధి ఊరివాళ్ళది. పెళ్ళి బట్టలు, పిల్లల గౌనులు, దుప్పట్లు. పండుగ ముందర మన పత్తర్‌గట్టీలో ఉండే తొక్కిసలాటే ఇక్కడా. దిగువన సముద్రపు ఒడ్డు దగ్గర మిస్ర్ చార్షీ, అంటే ఈజిప్టు బజారు. ఈజిప్టు నుండి వచ్చిన రాబడితో కట్టారు కాబట్టి ఆ పేరు. సుల్తాను తల్లి తుర్హాన్ ఖదీజా 1660లలో పక్కనున్న కొత్త మసీదును పూర్తి చేయించి, దాని పోషణకు ఈ బజారు అద్దెలను ఏర్పాటు చేశారు. లోపల మిరియాలు, దాల్చిన చెక్క, ఎండు అత్తి, ఖర్జూరం, పిస్తా రాసులు పోసి ఉన్నాయి. రోజాతో ఉన్నవానికి ఆ వాసనలు ఒక పరీక్షే.

కుంకుమపువ్వు కొన్నది మాత్రం లోపల కాదు, వెనుక సందుల్లో ఒక దుకాణంలో. అబ్బాయి డబ్బు తీసుకురావడానికి బ్యాంకు యంత్రం దగ్గరికి వెళ్ళాడు. దుకాణదారుకు కొంచెం అరబీ వచ్చు. మాకు మదరసా అరబీ వచ్చు. మాట కలిసింది. ఆయన గాజు డబ్బా తెరిచి ఎర్రని పోగులు చూపించి, గ్రాము ధర చెప్పాడు. వెయ్యి రూపాయలకు గ్రాము, గ్రామున్నర మించి రాదు. అంత చిన్న పొట్లం ఆపా చేతిలో ఎలా పెట్టేది? అప్పుడు మా నోటి నుండి ఒక మాట జారింది. "పక్క దుకాణంలో సగం ధరకే ఇస్తున్నారు" అన్నాము.

మేము ఏ పక్క దుకాణమూ ఎక్కలేదు.

దుకాణదారు మమ్మల్ని ఒకసారి చూశాడు. గాజు డబ్బా మూశాడు. బయట గంపలో ఉన్న నారింజ రంగు పువ్వును చూపించి, "అయితే ఇది తీసుకోండి, టర్కీ జాఫ్రాన్" అన్నాడు. పెద్ద పొట్లమే వచ్చింది. మంచి బేరం చేశామని పొంగిపోయాము.

మసీదు మెట్ల మీద

అస్ర్ నమాజుకు దగ్గరలోని రుస్తుం పాషా మసీదుకు వెళ్ళాము. ప్రఖ్యాత వాస్తుశిల్పి సినాన్ 1560 దశకం తొలినాళ్ళలో కట్టినది. లోపలి గోడల నిండా ఇజ్నిక్ నీలి పలకలు. మసీదు పై అంతస్తులో ఉంది, కింద దుకాణాలు. ఆ అద్దెలు మసీదు ఖర్చులకు. మన ఊళ్ళల్లో కూడా మసీదులకు మడిగెలు ఉన్నాయి. బజారు ధరలో పదో వంతు అద్దె కూడా కట్టక ఏళ్ళ తరబడి అనుభవించేవారూ ఉన్నారు. వక్ఫ్ సొమ్ము అల్లాహ్ అమానతని వారికి ఎవరు చెప్పాలి?

ఇలా ఇతరుల అమానతు గురించి ఆలోచిస్తూ బయటికి వచ్చేసరికి మా ఇంటావిడ వసారాలో కూర్చుని పొట్లం విప్పి చూస్తున్నారు. ఆమె పుట్టినిల్లు జహీరాబాద్ వైపు నల్లరేగడి పల్లె. "ఏమండీ, ఇది కుంకుమపువ్వు కాదు, కుసుమ పువ్వు. పశువులు రాకుండా మా నాయన చేను గట్ల వెంబడి వేసేది ఇదే. ముళ్ళు గుచ్చుకుంటూ కోసినదాన్ని, నాకు తెలియదా?" అన్నారు.

నిజమే. అసలు కుంకుమపువ్వు రేకు కాదు. ఒక్కో పువ్వు నుండి వచ్చేది మూడు ఎర్రని పోగులే. ఒక గ్రాము కావాలంటే సుమారు నూట యాభై పువ్వులు కావాలి. నీళ్ళలో వేస్తే రంగు నెమ్మదిగా బంగారు వన్నెలో దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది, వాసన విడవదు. కుసుమ రేకులు రంగును వెంటనే వదిలేస్తాయి, కుంకుమపువ్వు వాసన వాటికి ఉండదు.

అబ్బాయికి కోపం వచ్చింది. "పదండి, అడుగుదాం" అన్నాడు. ధాన్యపు రాసిలో చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంఘటనను దారి పొడవునా మనసులో సిద్ధం చేసుకున్నాము, అరబీలోనే వినిపిద్దామని.

వినిపించే అవకాశం రాలేదు. పొట్లం చూడగానే దుకాణదారు, "నేను జాఫ్రాన్ చూపించాను. మీరు పక్క దుకాణంలో సగం ధర అన్నారు. ఏ దుకాణం?" అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. మా దగ్గర జవాబు లేదు. ఆయన కుసుమ పువ్వుకు జాఫ్రాన్ పేరు పెట్టడం తప్పే, ఆ లెక్క ఆయన చెప్పుకుంటాడు. కాని ముందు అబద్ధమాడింది మేము. రోజాతో ఉండి, ఖుర్ఆన్ దిగిన భాషలో ఆడాము. అమ్మేవాడు, కొనేవాడు నిజం పలికి, ఉన్నది ఉన్నట్లు చెప్పుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ గ్రంథంలో హదీసు ఉంది. అందులో అమ్మేవానితో పాటు కొనేవాడు కూడా ఉన్నాడని ఎన్నిసార్లు పాఠం చెప్పాము! మన మీద మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు.

ఏ పక్క దుకాణానికీ వెళ్ళలేదని ఒప్పుకున్నాము. ఇలాంటప్పుడు టర్కీలో ఏమంటారో అబ్బాయిని అడిగి, అదే మాట అన్నాము. 'నీ హక్కును నాకు హలాల్ చెయ్యి' అని దాని అర్థం. దుకాణదారు పొట్లం వెనక్కి తీసుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, "హెలాల్ ఓల్సున్" అన్నాడు, హలాల్ అగుగాక అని. ఒక్క క్షణం ఆగి, "మీరూ చెయ్యండి" అన్నాడు. అన్నాము. తరువాత గాజు డబ్బా నుండి వెయ్యి రూపాయలకు ఎంత వస్తుందో అంత తూయించుకున్నాము. ధర తగ్గించమనలేదు. గంపలోని పువ్వుకు మాత్రం పేరు మారలేదు, అలాగే ఉంది.

దీపాల జాతర

ఇఫ్తార్‌కు ట్రాము ఎక్కి సుల్తాన్ అహ్మద్ మైదానానికి చేరాము. రంజాన్‌లో అదొక జాతర. వరుసగా చెక్క దుకాణాలు. ఒకచోట పుల్లకు రంగురంగుల పాకం చుట్టి పిల్లలకు ఇస్తున్నారు. ఒకచోట ఖతాతీ వ్రాసే కళాకారుడు, ఒకచోట నీళ్ళ మీద రంగులు చల్లి కాగితానికి ఎక్కించేవాడు. రంజాన్ రొట్టె కోసం బారులు తీరిన జనం. పచ్చిక మీద దుప్పట్లు పరిచి కుటుంబాలు కూర్చున్నాయి. అజాన్ కాగానే పక్క దుప్పటి మీది పెద్దావిడ, ఎవరమని అడగకుండానే, ఖర్జూరాలు, సగం రొట్టె మా ముందు పెట్టారు. చీకటి పడ్డాక మసీదు మినారుల మధ్య తాడు మీద దీపాల అక్షరాలు వెలిగాయి. మహ్‌యా అంటారు. ఉస్మానియా సుల్తానుల కాలంలో నూనె దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. మా ఇంటావిడ పిల్లలాగా చూస్తూ ఉండిపోయారు. మేము మాత్రం ఆ సందులోని ప్రశ్న దగ్గరే ఉన్నాము. ఏ దుకాణం?

ఊరికి వచ్చాక ఆపా చేతిలో ఆ చిన్న డబ్బీ పెట్టాము. "ఇంతేనా మౌల్వీ సాబ్?" అన్నారు. జరిగినదంతా దాచకుండా చెప్పాము. ఆమె నవ్వలేదు. మిషను మీద బట్ట సర్దుకుంటూ, "నా దగ్గరికి వచ్చేవాళ్ళూ అదే అంటారు. పక్క వీధిలో తక్కువకు కుడుతున్నారని. పండుగ ముందు ప్రతి ఒక్కరూ అనే మాటే. నిజమేమోనని ప్రతిసారీ ఇరవయ్యో, ముప్పయ్యో తగ్గిస్తాను" అన్నారు.

అసలు పాఠం మాకు ఆ గదిలో దొరికింది. పెద్ద దుకాణదారు మన అబద్ధాన్ని తట్టుకుంటాడు, గంపలోనిది చూపించి తప్పించుకుంటాడు. కుట్టుపని చేసే ఆపాకు, గాజుల బండి అబ్బాయికి, కూరగాయల తట్ట అవ్వకు చూపించడానికి గంప లేదు. వారి కూలి నుండే తగ్గించాలి.

సోదరులారా, సోదరీమణులారా! బేరం ధర్మసమ్మతమే. "ఇంతే ఇవ్వగలను" అనండి, కుదరకపోతే సలాము చెప్పి లేచి రండి. వెళ్ళని దుకాణం పేరు మాత్రం చెప్పకండి. ఈసారి ఈద్ బట్టలు కుట్టడానికి ఇచ్చేటప్పుడు, ఆ మాట నాలుక మీదికి వస్తే, మింగేయండి.