మెక్సికోలో పొరుగింటి గిన్నె

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"పరాయిదేశంలో ఏం తిని బతికారమ్మా?" అని మెక్సికో నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను అడగనివారు లేరు. మా వారి ఉద్యోగరీత్యా 2016 నుంచి 2019 దాకా మూడేళ్ళు ఆ దేశంలో గ్వాదలహారా అనే పట్నంలో కాపురం వున్నాం. తిని బతకడమేమిటి, హాయిగా తిన్నాం, నలుగురికీ పెట్టాం. అయితే మొదటి రెండు నెలలూ మాత్రం నా తెలివితక్కువతనంవల్ల నేనే ఇబ్బంది తెచ్చిపెట్టుకున్నాను. ఆ సంగతే ముందు చెబుతాను.

మేము మాంసం తినం. బేకరీ రొట్టెలో గుడ్డు వుంటే పట్టించుకోం. ఇంగువ, మెంతులు, ఆవాలు, రెండు కిలోల కందిపప్పు పెట్టెలో సర్దుకుని, పదో తరగతిలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని వెళ్ళాను. తీరా అక్కడ ఆ ఇంగ్లీషూ అక్కరకు రాలేదు. వాళ్ళది స్పానిష్ భాష. ఇంట్లో దిగిన నాలుగో రోజున పక్కింటావిడ తలుపు తట్టి, గిన్నెనిండా ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు ఇచ్చి వెళ్ళింది. "ఫ్రిహోలెస్" అంటారు వాటిని. మనకు పప్పు ఎలాగో వాళ్ళకు అది అలాగ. వాసన ఘుమఘుమలాడుతోంది. సాయంత్రం మా వారు వచ్చి, "వీటిని మాంతేకాలో వేయిస్తారుట, చూసుకో" అన్నారు. మాంతేకా అంటే పందికొవ్వు. ఇంకేముంది, గిన్నె తీసుకెళ్ళి చెత్తబుట్టలో దులిపేశాను.

మర్నాడు గిన్నె కడిగి, అందులో నాలుగు అరిటిపళ్ళు పెట్టి ఇచ్చి, "చాలా బాగుంది" అని నేర్చుకున్న మాట అప్పగించాను. పాపం, ఆవిడ సంతోషించి ప్రతి శుక్రవారమూ పంపడం మొదలుపెట్టింది. నేను ప్రతి శుక్రవారమూ పారబోయడమే. ఒకరోజు నేను బుట్టలో దులుపుతుండగా ఆవిడ కూతురు పెరటి గోడ మీంచి చూసింది. ఆ తరువాత రెండు వారాలు గిన్నె రాలేదు, ఆవిడా రాలేదు. ఎదురుపడితే నవ్వుతుంది, అంతే. ఊరు కాని ఊళ్ళో ఉన్న ఒక్క మనిషీ దూరమైపోతే ఎలా వుంటుందో మీరే చెప్పండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని ఏడ్చాను కూడా.

చివరకు ఒక పని చేశాను. పులిహోర కలిపి, పళ్ళెంలో పెట్టుకుని, నిఘంటువు చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "మాంసం తినను, కొవ్వు తినను, నీతో అబద్ధం చెప్పాను, తప్పు నాదే" అని పొడి పొడి మాటల్లో చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకుని, "ముందే చెప్పకపోయావా వెసీనా!" అంది. వెసీనా అంటే పొరుగింటావిడ అని. మనం వదినగారూ అన్నట్టు వాళ్ళు ఆ మాటతోనే పిలుచుకుంటారు. ఆ వారం నుంచి ఫ్రిహోలెస్ నూనెలో వేయించి పంపడం మొదలుపెట్టింది. మూడేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు.

శాకాహారులు ఆ దేశం వెళ్ళేట్టయితే ఇది గుర్తుంచుకోవాలి. మాంసం లేదని చెప్పిన వంటలో కోడిమాంసం వుండవచ్చు. "కార్నె" అంటే చాలామంది దృష్టిలో గొడ్డుమాంసం, పందిమాంసమే, కోడి ఆ లెక్కలోకి రాదు. టొమేటో వేసి వండే ఎర్రన్నం తరచు కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు. అందుకని మాంసం లేదా అని అడిగి ఊరుకోకుండా కోడి లేదా, కొవ్వు లేదా అని విడివిడిగా అడగాలి. అడిగితే ఎవరూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది నేను దాచినందుకే.

సరే, పక్కింటావిడతో కలిసి సంతకు వెళ్ళడం మొదలుపెట్టాక నా కళ్ళు తెరుచుకున్నాయి. వారానికొకసారి వీధిలోనే గుడారాలు వేసి పెట్టే సంతను "తియాంగిస్" అంటారు. స్పెయిన్ వాళ్ళు రాకముందునుంచీ అక్కడున్న నావాత్ల్ భాషలోంచి వచ్చిన మాట అది. ఆ సంతలో నాకు కనిపించినవి చెబుతాను వినండి: మిరపకాయలు, టొమేటోలు, కొత్తిమీర, చింతకాయలు, జామపళ్ళు, బొప్పాయి, సపోటా, గుమ్మడికాయ, మొక్కజొన్న. ఒక పక్కన అచ్చులు పోసిన బెల్లం. దాన్ని "పిలోన్సీయో" అంటారు. పరాయి ఊరు వచ్చానా, మా ఊరి రైతు బజారుకు వచ్చానా అనిపించింది.

ఎందుకలా అంటే, వాటిలో సగం అక్కడివే. మనం వాడే మిరపను సాగులోకి తెచ్చింది మెక్సికోలోనే. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా మన తెలుగువాళ్ళు మిరపకాయ అంటే ఎరగరు. కారం కావాలంటే మిరియాలు, పిప్పళ్ళు. ఆవకాయకు ఆ ఎరుపు మెక్సికో పెట్టిన భిక్ష అన్నమాట! టొమేటో అన్న మాట నావాత్ల్ మాటే. సపోటా కూడా అంతే. ఆ చెట్టు పాలతోనే ఒకప్పుడు పిల్లలు నమిలే చూయింగ్ గమ్ తయారుచేసేవారు. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోయే. ఎదురు సారె కూడా వెళ్ళింది. చింతపండు, కొత్తిమీర, జీలకర్ర, ఉల్లి, వెల్లుల్లి, వరి మన వైపు ప్రపంచంనుంచి అటు వెళ్ళినవే. మామిడి ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళింది. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య ఓడలు నడిచేవి. ఇప్పటికీ అక్కడ ఒక రకాన్ని మనీలా మామిడి అనే పిలుస్తారు. దాన్ని ఉప్పూ కారమూ చల్లుకుని, నిమ్మరసం పిండుకుని తింటారు. చూస్తే నాకు బడి ముందర తిన్న మామిడికాయ ముక్కలు గుర్తొచ్చాయి.

వంటసామాను కూడా మనదే. పెనాన్ని "కొమాల్" అంటారు. సన్నికల్లు "మెతాతె". రోలు "మోల్కహెతె", నల్లటి రాతిలో తొలిచి మూడు కాళ్ళు పెడతారు. అందులో వాళ్ళు నూరే "సాల్సా" అచ్చం మన రోటి పచ్చడే. టొమేటోలు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్క, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, వెల్లుల్లి పొట్టు తీసి, ఉప్పు వేసి అన్నీ కచ్చాపచ్చాగా నూరి, కొత్తిమీర కలుపుతారు. పోపు వుండదు, అంతే తేడా. నేను పోపు వేసి పంపితే పక్కింటావిడ నూనె చిటపటలాడే చప్పుడుకే ముచ్చటపడేది.

అన్నిటికంటె పెద్ద ఆశ్చర్యం ఏమిటంటే గోంగూర. ఆకు దొరకలేదు గాని, ఎర్ర గోంగూర కాయ మీది తొడిమ రేకులు ఎండబెట్టి సంచులతో అమ్ముతారు. వాటి పేరు "హమైకా". చల్లని పానీయం చేసి భోజనంతో తాగుతారు. నేను వాటిని నానబెట్టి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పచ్చడి చేశాను. మా వారు మొదటి ముద్ద పెట్టుకుని మాట్లాడకుండా రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇబ్బందులు లేవా అంటే వున్నాయి. ఆ పట్నం సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తున వుంది. అంత ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందువల్ల మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తగా ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ వుంటే పని తేలిక. తెచ్చుకున్న కందిపప్పు అయిపోయాక మా పేట బజార్లలో దొరకలేదు. మసూరు పప్పుతో సరిపెట్టుకున్నాం. కారానికి "చిలె దె ఆర్బోల్" అనే సన్నపు ఎండుమిరప, రంగుకు "గ్వహీయో" అనే వెడల్పు మిరప కలిపి ఆడిస్తే మన కారప్పొడికి దగ్గరగా వస్తుంది.

ఇక వాళ్ళ అన్నం సంగతి. మనకు వరి ఎంతో వాళ్ళకు మొక్కజొన్న అంత. "తోర్తీయా" అనే పలుచని రొట్టె లేకుండా భోజనం లేదు. వీధి చివర దుకాణంలో కిలోల లెక్కన వేడివేడిగా తూచి ఇస్తారు. గుడ్డ తీసుకుని వెళ్ళి మూటకట్టుకు రావడమే. కాని ఆ మొక్కజొన్నను మనలా ఊరికే పిండి పట్టించరు. గింజల్లో కొంచెం సున్నం వేసి ఉడికించి, రాత్రంతా ఆ నీళ్ళల్లోనే నానబెట్టి, పొద్దున్నే పొట్టు పోయేలా కడిగి, తడిగా రుబ్బుతారు. మూడు వేల ఏళ్ళకు పైబడిన పద్ధతి ఇది.

ఎందుకీ శ్రమ అంటారేమో! మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ వుంది గాని అది ఒంటికి పట్టకుండా బిగిసి వుంటుంది. సున్నపు నీళ్ళల్లో ఉడికితే విడుదలవుతుంది. పైపెచ్చు కాల్షియం కూడా వస్తుంది. ఐరోపావాళ్ళు మొక్కజొన్న గింజలు పట్టుకుపోయారు గాని ఆ ఆడవాళ్ళ పద్ధతి నేర్చుకుపోలేదు. దానితో 18, 19 శతాబ్దాల్లో ఇటలీ, స్పెయిన్ దేశాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పగిలిపోవడం, విరేచనాలు, చివరకు మతి చెడడం దాని లక్షణాలు. ఈ జబ్బు మన దక్కన్ ప్రాంతంలో జొన్నే ముఖ్యాహారమైన పేదల్లోనూ కనిపించింది. హైదరాబాదులో, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారిన పరిశోధనాలయంలో, డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా దాన్ని పరిశీలించి, జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి వుండడం ఒక కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. ఏ ధాన్యమైనా పప్పూ కూరా పాలూ తోడు లేకుండా అదొక్కటే తింటే చేటేనని మనం గ్రహించాలి. అన్నట్టు, సున్నం అన్నాను కదా అని గోడలకు వేసే సున్నం తెచ్చి మొక్కజొన్నలో వేసేరు సుమా! తినడానికి పనికివచ్చేది వేరే వుంటుంది.

అక్కడ పండుగలన్నీ పంచుకు తినడంతోనే ముడిపడి వున్నాయి. నవంబరు 1, 2 తేదీల్లో పోయినవారి పటాలముందు బంతిపూలు పరిచి, వారికి ఇష్టమైన వంటలు పెడతారు. మన పెద్దల అమావాస్య గుర్తుకొచ్చింది. జనవరి 6న "రోస్కా" అనే గుండ్రని తీపిరొట్టె కోస్తారు. లోపల చిన్న బాలుడి బొమ్మ దాచి వుంటుంది. ఎవరి ముక్కలో ఆ బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి 2న అందరికీ "తమాలె"లు పెట్టాలి. తమాలె అంటే మొక్కజొన్న పిండి ముద్దలో కూర పెట్టి, నానబెట్టిన మొక్కజొన్న పొత్తు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది. కోనసీమలో పనసాకుల బుట్టల్లో పొట్టిక్కలు వేస్తారే, ఆ వరసే.

రెండో ఏడు ఆ బొమ్మ నా ముక్కలోనే వచ్చింది! అందరూ చప్పట్లు. నాకు మాత్రం గుండె దడ. పదిహేనుమంది మెక్సికో వాళ్ళకు వాళ్ళ వంట నేను చేసి పెట్టాలి, అదీ కొవ్వు లేకుండా. పక్కింటావిడ చెప్పింది: పిండిని కొవ్వుతో బాగా గిలకొట్టి, చిన్న ఉండ తీసి నీళ్ళల్లో వేస్తే తేలాలి, తేలితేనే తమాలె గుల్లగా వస్తుంది అని. కిలో పిండికి పావుకిలో నెయ్యి కాచి, చల్లార్చి పోసి, చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టాను. ఉండ మునిగింది. ఇంకో పావుగంట కొట్టాం, ఆవిడ కాసేపు, నేను కాసేపు. తేలింది! సగం వాటిలో మిరపకాయల చీలికలు, జున్నుముక్కలు. సగం వాటిలో నా హమైకా పచ్చడి. గంటన్నర ఆవిరి మీద పెట్టాం. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ నెయ్యి వాసనకు మొదట మూతి విరిచింది గాని, పచ్చడి పెట్టిన తమాలెలు రెండు చెంగున కట్టుకున్నట్టు కాగితంలో చుట్టుకుని తీసుకువెళ్ళింది.

ఆ రోజు నేను అలవాటుకొద్దీ వడ్డిస్తూ నిలబడ్డాను. అందరూ తిన్నాక తిందామని. వాళ్ళు ఊరుకోలేదు. గిన్నెలన్నీ బల్లమీద పెట్టించి, నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. వాళ్ళ పెద్ద భోజనం మధ్యాహ్నం రెండుకో మూడుకో మొదలవుతుంది. తినడం అయ్యాక కూడా లేవకుండా కబుర్లు చెప్పుకుంటారు. దానికి "సోబ్రెమేసా" అని ఒక పేరే వుంది. వండిన వంట వేడిగా వుండగా, నలుగురితో కూర్చుని తినడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు అదే మొదటిసారేమో. తిరిగి వచ్చాక ఆదివారంనాడు మా ఇంట్లో అన్నీ బల్లమీద పెట్టేసి అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. మా అత్తగారు మొదట నవ్వారు. ఇప్పుడు ఆవిడే నన్ను పిలుస్తున్నారు.

మన అపార్టుమెంట్లలో ఇప్పుడు ఏ రాష్ట్రంనుంచో, ఏ దేశంనుంచో వచ్చి భాష రాక బిక్కుబిక్కుమంటున్న ఇల్లాలు ఒకరైనా వుంటారు. వీలుచూసుకుని ఒక గిన్నె పట్టుకువెళ్ళండి. ఇచ్చేముందు "మీరు ఏవి తినరు?" అని అడగండి. మీకు వచ్చిన గిన్నెలో మీరు తిననిది వుంటే నాలా దాచకుండా నవ్వుతూ చెప్పేయండి.

వెళ్ళేముందు హమైకా పానీయం చెబుతాను, రాసుకోండి. ఎండిన ఎర్ర గోంగూర రేకులు రెండు గుప్పెళ్ళు కడిగి, లీటరు నీళ్ళల్లో అయిదు నిమిషాలు మరిగించి దించి, మూతపెట్టి చల్లారనివ్వాలి. వడకట్టి, తగినంత పంచదార కలిపి, పులుపు ఎక్కువైతే ఇంకో గ్లాసు నీళ్ళు పోసుకోవాలి. మిగిలిన రేకులు పారెయ్యకండి, పచ్చడికి పనికివస్తాయి.