వార్తల్లో పదం: మెథోట్రెక్సేట్

అక్టోబరు 29 ప్రపంచ సోరియాసిస్ దినం. మోచేతుల మీది వెండి పొలుసులు కనపడకూడదని మండుటెండల్లోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కాతో తెల్లాపూర్ నుంచి ఆఫీసుకెళ్లే ఉద్యోగి మందుల చీటీలో తరచూ కనిపించే పేరిది.

సోరియాసిస్ అంటుకోదు. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడంతో, సుమారు నెల పట్టాల్సిన చర్మకణాల మార్పిడి కొద్దిరోజుల్లోనే జరిగిపోతుంది. ఆ జోరుకు ఈ మందు కళ్లెం వేస్తుంది.

దీని వెనక మన భీమవరం బిడ్డ ఉన్నారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే ఈ కోవ మందులు తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సోరియాసిస్ తగ్గడాన్ని 1951లో వైద్యులు గమనించారు.

సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వాడతారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భిణులు వాడకూడదు. రక్త, కాలేయ పరీక్షలు తప్పనిసరి. వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరు చేత చీటీ మీదే రాయించుకోండి.